మాస్టారి కంప్యూటర్ గొంతు

పద్మజ ఆ రోజు పొద్దున రైలుకు గిద్దలూరు వెళ్ళింది. చెల్లెలు శిల్ప కూతురికి పుట్టెంట్రుకలు తీయిస్తున్నారు. మామూలుగా అయితే దుకాణం మూసి మొగుడూ పెళ్ళాలిద్దరూ వెళ్ళేవాళ్ళే. కాలేజీవాళ్ళ ప్రింటర్లు రెండు బాగుచేసి ఆ పూట ఇచ్చేస్తామని మాటిచ్చి ఉండటంతో హరిబాబు ఆగిపోయాడు.

“ఎవరన్నా కొత్తోళ్ళు వస్తే రేపు రమ్మని చెయ్యి చూపియ్యి. పొద్దుగూకే లోపల నేను వచ్చేస్తా,” అని చెప్పి మరీ వెళ్ళింది పద్మజ.

మార్కాపురంలో కంప్యూటర్ ఉన్నవాళ్ళలో హరిబాబు దుకాణం తెలియనివాళ్ళు తక్కువ. హరిబాబు గొంతు తెలిసినవాళ్ళు ఇంకా తక్కువ. ఆయనకు చిన్నప్పటి నుంచీ నత్తి. పెదవులు కలిస్తేగానీ పలకని అక్షరాల దగ్గర మరీ ఇబ్బంది. ప, బ, మ వచ్చాయంటే మాట అక్కడే ఇరుక్కుని, మెడ నరాలు బిగుసుకుని, ఎదుటివాడు మొహమాటంతో చూపు తిప్పుకునేదాకా కదలదు. అందుకే పెళ్ళయిన పదహారేళ్ళుగా ముందున్న కౌంటర్ పద్మజది, వెనకున్న బల్ల హరిబాబుది. వచ్చినవాళ్ళతో ఆమె మాట్లాడుతుంది. ఆయన విప్పుతాడు, బాగుచేస్తాడు, బిగిస్తాడు. ఎప్పుడైనా ఆయన నోరు తెరవాల్సి వస్తే, సగం మాట నోట్లో ఉండగానే తక్కిన సగం ఆమె అనేస్తుంది. పాపం, భర్త పది మందిలో అవస్థ పడకూడదని ఆమె ఆరాటం. చాలాసార్లు ఆమె చెప్పింది సరిగ్గానే ఉండేది. లేనప్పుడు కూడా హరిబాబు తల ఊపి ఊరుకునేవాడు.

పది గంటలప్పుడు దుకాణం ముందు ఆటో ఆగింది. డ్రైవరు దుప్పటిలో మూటగట్టిన సీపీయూను తెచ్చి కౌంటర్ మీద పెట్టాడు. వెనకే, చేతికర్రతో మెట్టు తడుముకుంటూ యాభై ఏళ్ళ మనిషి లోపలికి వచ్చాడు. ఇస్త్రీ చొక్కా, భుజానికి సంచి, చూపు లేని కళ్ళు.

“హరిబాబు గారి షాపు ఇదేనా?” అని అడిగాడు.

హరిబాబు తల ఊపాడు.

“అయ్యా, ఎవరన్నా ఉండారా?”

“ఎదురుగానే ఉండాడు సార్,” అని చెప్పి డ్రైవరు ఆటో తీసుకుని వెళ్ళిపోయాడు.

“నమస్తే అయ్యా. నా పేరు ఏబేలు. పుల్లలచెరువు కాడ హైస్కూల్లో తెలుగు చెప్తా. మీరేనా హరిబాబు గారు?”

కొత్తవాళ్ళు పేరడిగితే హరిబాబు విజిటింగ్ కార్డు తీసి ఇస్తాడు. అలవాటు కొద్దీ ఇప్పుడూ తీసి చాచాడు. చాచిన చెయ్యి గాలిలో అలాగే ఉండిపోయింది. మాస్టారు తల కొంచెం పక్కకు వంచి, జవాబు కోసం ఎదురుచూస్తూనే ఉన్నాడు. కార్డు తిరిగి డబ్బాలో పెట్టేస్తుంటే హరిబాబు చెవులు వేడెక్కాయి.

“హరి...” అన్నాడు. అక్కడ పెదవులు కలిశాయి, విడిపోలేదు. ఇలాంటప్పుడు ఎవరో ఒకరు “హరిబాబు, అంతే కదా” అనేస్తారు. ఈ మనిషి అనలేదు. తొందరపెట్టలేదు, దగ్గలేదు, కాలు కదపలేదు. ఎంతసేపటికో “...బాబు” అనే ముక్క బయటపడింది.

“కూర్చోవచ్చా హరిబాబు గారూ?” అన్నాడు మాస్టారు, మధ్యలో ఏమీ జరగనట్టే.

కుర్చీ జరిపి కూర్చోబెట్టాక మాస్టారు వచ్చిన పని చెప్పాడు.

“నా కంప్యూటర్ మాట్లాడతాది. తెర మీద ఏముంటే అది చదివి వినిపిస్తాది. పన్నెండేళ్ళ కింద పెట్టించుకున్నా. ఇప్పుడు జబ్బు పడింది. స్విచ్చి వేసినాక నోరు తెరవడానికి అరగంట పడతాంది. మొన్నటి నుంచి అదీ లేదు, మధ్యలో మూగబోతాంది. వేరే ఊర్లో చూపిస్తే, ఫార్మాట్ కొట్టి కొత్తగా అన్నీ ఎక్కిస్తామన్నారు. ఆ మాట చెవినపడంగానే మూట కట్టుకుని లేచి వచ్చేసినా.”

“ఎం... ఎందుకు?”

“ఆ గొంతు మళ్ళా దొరకదు కాబట్టి. దాన్ని తయారుచేసిన కంపెనీ మూతపడి ఎనిమిదేళ్ళాయె. ఒకసారి తుడిచేస్తే మళ్ళా ఎక్కించే దారి లేదు. వేరే గొంతులు లేవా అంటే ఉండాయి. నా ఫోన్‌లో ఒకటి ఉంది. చురుకైందే గానీ, మా పిల్లోళ్ళ ఇంటిపేర్లు దాని నోట్లో పడితే వాళ్ళ నాయనలు కూడా గుర్తుపట్టలేరు.” మాస్టారు నవ్వాడు. “దీనికి నేను కూర్చుని ఒక్కొక్క మాటా నేర్పినా. పదమూడు వందల మాటలు దాకా ఉంటాయి. ఊర్ల పేర్లు, చెట్ల పేర్లు, పిల్లోళ్ళ పేర్లు. వాళ్ళు స్కూలు కంప్యూటర్లో వ్యాసాలు కొట్టి పెన్‌డ్రైవ్‌లో ఇస్తారు. ఇది చదువుతాది, నేను దిద్దుతా. ఇప్పుడు నలభై ఒక్క మందివి నా జేబులో ఉండాయి.”

పద్మజ చెప్పినట్టు రేపు రమ్మని చెయ్యి చూపించడానికి లేదు. “రే... రేపు,” అన్నాడు హరిబాబు.

“రేపు స్కూలుందయ్యా. ఈ రోజుకు సెలవు పెట్టి పొద్దున ఫస్టు బస్సుకు వచ్చినా. నేను ఈ మూల కూర్చుంటా. మీకు అడ్డం రాను.”

హరిబాబు దుప్పటి మూట విప్పి, సీపీయూను వెనక బల్ల మీదికి తెచ్చుకున్నాడు. మాస్టారి కుర్చీని కూడా దాని పక్కకే జరిపాడు. పని మొదలుపెట్టాడు.

కాసేపు కాగానే మాస్టారు, “అయ్యా, ఉండారా?” అన్నాడు. హరిబాబు బల్ల మీద వేలితో తట్టాడు. ఇంకాసేపటికి మళ్ళీ, “అయ్యా?” మళ్ళీ తట్టాడు. మూడోసారి మాస్టారు కుర్చీలో ముందుకు వంగాడు.

“హరిబాబు గారూ, ఏమనుకోకపోతే ఒక మాట. మీరు మాట్లాడకపోతే నాకు మీరు లేనట్టే. నా డబ్బా విప్పినారో, పక్కన పెట్టినారో, టీకి పోయినారో నాకు తెలవదు. చేసేదేందో చెప్తా చెయ్యండి. ఎంతసేపు పట్టినా సరే. నా కంప్యూటర్ నోరు తెరవాలని రోజూ అరగంట ఆగేటోణ్ణి, మీ మాట కోసం ఆగలేనా?”

ఆ పోలికకు హరిబాబుకు కోపం రావాల్సింది. రాలేదు. నవ్వొచ్చింది. ఆ నవ్వు విని మాస్టారు కూడా నవ్వాడు.

“మూ... మూత తీసినా సార్,” అన్నాడు హరిబాబు.

“తీసినారా. లోపల ఎట్లుంది?”

“దు... దుమ్ము.”

అలా మొదలైంది. పాత హార్డ్ డిస్కును బయటికి తీసి, వైర్లు మాత్రం ఉంచి కరెంటు ఇచ్చాడు. మాస్టారి చెయ్యి పట్టుకుని దాని మీద ఆనించాడు. లోపల రేకు తిరుగుతున్న వణుకు, నడుమనడుమ టక్‌మని చిన్న దెబ్బ, వేళ్ళకు తెలుస్తున్నాయి.

“కొట్టుకుంటాంది,” అన్నాడు మాస్టారు నెమ్మదిగా.

“లోపల చదివే త... తల ఉంటాది సార్. అది చదవలేక, వెనక్కి పోయి మళ్ళా వస్తాంది. ఇది ఎక్కువ దినాలు ఉండదు.”

తర్వాత దాని బదులు పెట్టబోయే కొత్తరకం డిస్కును, ఎస్‌ఎస్‌డిని, ఆయన అరచేతిలో పెట్టాడు. మాస్టారు దాన్ని అటూ ఇటూ తిప్పి, అంచులు తడిమి, చెవి దగ్గర పెట్టుకుని ఊపి చూశాడు.

“పేకముక్క కన్నా రవ్వంత పెద్దదిగా ఉందే. ఇంతేనా? పన్నెండేళ్ళ సంసారం దీంట్లో పడతాదా?”

“ఇంకా ఖాళీ మి... మిగులుతాది. దీంట్లో తిరిగేది ఏం లేదు. శబ్దం రాదు.”

ఎలా చేయబోతున్నాడో కూడా హరిబాబు చెప్పాడు. చెప్పడానికి చాలాసేపు పట్టింది. పాత డిస్కులో రెండు భాగాలున్నాయి. పెద్దదాంట్లో విండోస్, ఆ గొంతు, నేర్పిన మాటలు, ఫైళ్ళు అన్నీ ఉన్నాయి. దానికి ముందర ఇంకో చిన్న భాగం ఉంది, బూట్ పార్టిషన్. స్విచ్చి వెయ్యగానే మొదట లేచేది అదే. అది లేచి పెద్దదాన్ని లేపుతుంది. డిస్కు మొత్తాన్నీ ఉన్నదున్నట్టు కొత్తదాంట్లోకి కాపీ చేద్దామని చూస్తే రెండుసార్లూ మొదట్లోనే ఆగిపోయింది. అంటే దెబ్బ తగిలింది ఆ చిన్న భాగానికే. కాబట్టి డిస్కు ప్రాణంతో ఉండగానే ముందు పెద్దదాన్ని బయటికి తెచ్చుకోవాలి. చిన్నదాని సంగతి తర్వాత.

“ఇల్లు అంటుకుంటే ముందు మనుషుల్ని బయటికి తెస్తాం, తలుపులు కిటికీల సంగతి తర్వాత,” అన్నాడు మాస్టారు.

“అం... అంతే సార్.”

పదకొండింటికి కాపీ మొదలైంది. మూడు గంటలు పడుతుందని తెర మీద చూపించింది. నూటికి ఎంత అయిందో హరిబాబు పావుగంటకోసారి చదివి చెబుతున్నాడు. మధ్యలో కాలేజీ అటెండరు గురవయ్య ప్రింటర్ల కోసం వచ్చాడు. హరిబాబు మాట్లాడుతుండటం చూసి గుమ్మంలోనే నిలబడిపోయాడు. ఐదేళ్ళుగా దుకాణానికి వస్తున్నాడు, ఈ గొంతు ఎప్పుడూ విన్న పాపాన పోలేదు.

“ఇరవై నాలుగయింది సార్. ఇప్పుడు ప... ప...”

“పాడైపోయిందా?” అన్నాడు గురవయ్య సాయం చేస్తున్నట్టు.

“ఆయన్ని చెప్పనీ అయ్యా,” అన్నాడు మాస్టారు. గొంతు మెత్తగానే ఉంది గానీ, క్లాసులో వెనక బెంచీని ఊరుకోబెట్టే గొంతు అది.

గురవయ్య నోరు మూసుకున్నాడు. ముగ్గురూ ఆగారు.

“...పరవాలేదు, బాగానే నడుస్తాంది,” అని ముగించాడు హరిబాబు.

ప్రింటర్లు మోసుకుని పోతూ గురవయ్య రెండుసార్లు వెనక్కి తిరిగి చూశాడు.

ఒంటిగంటకు మాస్టారు సంచిలోంచి స్టీలు డబ్బా తీశాడు. జొన్నరొట్టెలు, వేరుశనగ పొడి, చిక్కుడుకాయ కూర. పద్మజ హరిబాబు కోసం అన్నం, పప్పు పెట్టి వెళ్ళింది. రెండూ బల్ల మీద ఒకచోట పెట్టుకుని, కాపీ అవుతున్న కంప్యూటర్ పక్కనే తిన్నారు. మాస్టారు ఆయన వయసడిగి, నలభై మూడని తెలుసుకుని, అక్కడి నుంచి ‘తమ్ముడూ’ అనడం మొదలుపెట్టాడు.

“చిన్నప్పటి నుంచేనా తమ్ముడూ ఇట్ల?”

“ఊ.”

“బళ్ళో ఏడిపించినారా?”

హరిబాబు రొట్టె తుంచుతూ ఆలోచించాడు. ఎవరూ ఇంత తిన్నగా అడగలేదు ఎప్పుడూ. “పిల్లలు కాదు సార్. ఆరో తరగతిలో సార్ ఒకాయన ఉ... ఉండె. మంచోడు. పాఠం అందరి చేతా చదివిచ్చేటోడు. నా వంతు వచ్చేసరికి, నువ్వు కూర్చో నాయనా అని, నా ప... పక్కోణ్ణి లేపేటోడు. పదో తరగతి దాకా అంతే. నాకు పాఠం వచ్చు సార్. అంతా వచ్చు. ఒక్కసారన్నా ల... లేపుతాడేమో అని రోజూ రాత్రి చదువుకుని పోయేటోణ్ణి.”

చెప్పేశాక తనకే ఆశ్చర్యమేసింది. పద్మజకు కూడా చెప్పని సంగతి అది. దాచాలని కాదు. అంత పొడుగు మాట ఎప్పుడూ చివరిదాకా పోలేదు, అంతే.

మాస్టారు తినడం ఆపేశాడు.

“నా తొమ్మిదో తరగతిలో ఒక పాప ఉంది,” అన్నాడు. “దుర్గాదేవి. అడివంచు ఊరు. వాళ్ళమ్మానాయన తేనెకీ, కుంకుడుకాయలకీ అడివిలోకి పోతారు. దానికీ నత్తే. చదవమంటే మొదటి అక్షరం కాడనే నిలబడిపోతాది. పిల్లోళ్ళు నవ్వుతారు. నాకు మొగాలు కనపడవు గదా, ఆ నవ్వు ఒక్కటే వినపడతాది. వినలేక, కూర్చో తల్లీ అని పక్క పాపను లేపుతాండ. రెండేళ్ళుగా. మేలు చేస్తాండ అనుకుంటాండ.”

హరిబాబు మంచినీళ్ళ గ్లాసు ఆయన చేతికందించాడు.

రెండున్నరకు పెద్ద భాగం పూర్తయింది. నాలుగు ఫైళ్ళు తప్ప అన్నీ వచ్చాయి. ఆ నాలుగింటి పేర్లు చదివితే, “అవి పోయినేడు దిద్ది ఇచ్చేసినవే, పోనీ,” అన్నాడు మాస్టారు. ఇక చిన్న భాగం. ఒక్కసారైనా చదువుతుందేమోనని హరిబాబు పాత డిస్కును మళ్ళీ కదిపాడు. టక్, టక్, టక్. తర్వాత ఒక సన్నటి గీత గీసినట్టు చప్పుడు. ఆ తర్వాత ఏమీ లేదు.

“ఆగిపోయింది కదా?” అన్నాడు మాస్టారు, హరిబాబు తెర చూసేలోపే.

“ఆ... ఆగిపోయింది సార్. ఇంక తిరగదు.”

“మంచి పనే చేసినావు, ముందు మనుషుల్ని బయటికి తెచ్చి.”

చిన్న భాగాన్ని హరిబాబు కొత్తగా తయారుచేశాడు. కొత్త డిస్కులో మొదట ఖాళీ ఉంచిన చోట దాన్ని ఏర్పాటు చేసి, లేపే ఫైళ్ళు రాశాడు. డిస్కును సీపీయూలో బిగించి స్విచ్చి వేశాడు. మాస్టారు రెండు చేతులూ మోకాళ్ళ మీద పెట్టుకుని, మెడ చాచి వింటున్నాడు. ఫ్యాను తిరిగిన చప్పుడు. అంతే.

“ఏమంటాంది తమ్ముడూ?”

తెర నల్లగా ఉంది. దాని మీద ఇంగ్లీషులో ఒకే ఒక్క వాక్యం. హరిబాబు దాన్ని చదివి తెలుగులో చెప్పబోయాడు. మొదటి మాటే ‘బూట్’. పెదవులు పట్టేసుకున్నాయి. మాస్టారు కదలకుండా కూర్చున్నాడు గానీ, ఆయన వేళ్ళు మోకాళ్ళను గట్టిగా పట్టుకోవడం హరిబాబు చూశాడు. అది చూసేసరికి మాట ఇంకా బిగుసుకుంది.

“బూ... బూట్ అయ్యే డిస్కు... లేదంటాంది.”

“పోయిందా?”

“లేదు సార్! గొంతు లోపలే ఉంది. లేపేవాడే లేస్తాలేడు.”

ఫైళ్ళు తుడిచి మళ్ళీ రాశాడు. అదే వాక్యం. కేబులు మార్చాడు. అదే వాక్యం. నాలుగున్నరయింది. యర్రగొండపాలెం మీదుగా పోయే మాస్టారి బస్సు ఆరింటికి. హరిబాబు చొక్కా వీపున తడిసిపోయింది. ఈ పని ఆయన వందసార్లు చేసి ఉంటాడు. ఎక్కడ తప్పు పోయిందో అంతుబట్టడం లేదు. మాట్లాడటం మానేసి, పెదవి కొరుక్కుంటూ తెర వైపు చూస్తున్నాడు.

“తమ్ముడూ, చెయ్యి ఆపు,” అన్నాడు మాస్టారు. “మా పిల్లోడెవడన్నా సంధి విడదీస్తా తప్పు చేస్తే, నేను తప్పు చెప్పను. మొదటి నుంచి చెప్పరా అంటా. చెప్పుకుంటా వస్తాంటే తప్పు కాడ వాడే ఆగుతాడు. నీ పని నాకు తెలవదు. అయినా నాకు చెప్పు. మొదటి నుంచి.”

హరిబాబు స్క్రూడ్రైవరు కింద పెట్టాడు. చొక్కా చేతితో మొహం తుడుచుకున్నాడు.

“కొత్త డిస్కులో మొ... మొదట చిన్న జాగా వదిలినా. దాని తర్వాత పె... పెద్దదాన్ని కాపీ చేసినా. చిన్న జాగాను సాపు చేసినా. లేపే ఫైళ్ళు దాంట్లో రాసినా. విండోస్ ఫలానా చోట ఉంది అని దానికి చెప్పినా. ఆ తర్వాత దానికి...”

ఆగాడు. మాస్టారు ఎదురుచూశాడు. నత్తి అనుకున్నాడు ఆయన. అది నత్తి కాదు.

“దానికి గుర్తు పెట్టలా!” అన్నాడు హరిబాబు కుర్చీలోంచి లేస్తూ.

“ఏం గుర్తు?”

“స్విచ్చి వెయ్యంగానే, రెండు భాగాల్లో ముందు దేన్ని లేపాలో కంప్యూటర్‌కు తె... తెలియాలి సార్. దానికొక గుర్తుంటాది. నేను చిన్నదాన్ని చేసినా గానీ గుర్తు పెట్టడం మర్చిపోయినా. ఒక్క ముక్క. ఒక్క ముక్క సార్!”

ఆ ఒక్క ముక్క కొట్టడానికి నిమిషం పట్టలేదు. మళ్ళీ స్విచ్చి వేశాడు. మాస్టారు పెదవులు కదుపుతూ అంకెలు లెక్కపెట్టుకుంటున్నాడు. పద్దెనిమిది దగ్గర, స్పీకర్లలోంచి ఒక ఆడగొంతు, ముక్కుతో మాట్లాడినట్టుండే పాతకాలపు గొంతు, “స్వాగతం. ఏబేలు మాస్టారి డెస్క్‌టాప్,” అన్నది.

మాస్టారు ఉలిక్కిపడ్డాడు. చెయ్యి చాచి కీబోర్డు వెతుక్కున్నాడు. దాన్ని తడిమాడేగానీ ఏ మీటా నొక్కలేదు. చూపు లేని కళ్ళలో నీళ్ళు నిండి చెంపల మీదికి జారాయి. తుడుచుకోవాలన్న ధ్యాస కూడా లేదు.

“ఇంత బిరీన లేస్తే ఎట్ల?” అన్నాడు. “స్విచ్చి వేసి, స్నానం చేసి, టీ తాగి వచ్చేటోణ్ణి. ఇప్పుడు నా టీ ఏం కావాల?”

హరిబాబు నవ్వాడు. జేబులోని పెన్‌డ్రైవ్ పెట్టి, మాస్టారు ఒక్కొక్క వ్యాసం పేరూ చదివించుకున్నాడు. నలభై ఒక్క మంది పేర్లు, ఇంటిపేర్లతో సహా, ఆ ముక్కు గొంతు ఎక్కడా తడబడకుండా చదివింది. ఒక్కో పేరుకీ మాస్టారు తల ఊపుతున్నాడు, హాజరు వేసుకుంటున్నట్టు.

దుకాణానికి తాళం వేసి, సీపీయూ మూట భుజానికెత్తుకుని హరిబాబు ఆయన్ని బస్టాండు దాకా తీసుకెళ్ళాడు. బోర్డు లేని బస్సులు రెండు నిలబడి ఉన్నాయి. మామూలుగా అయితే ఎవరో ఒకరు అడిగేదాకా పక్కన నిలబడి వినేవాడు. ఆ రోజు కండక్టరు దగ్గరికి పోయి, “పు... పుల్లలచెరువు పోతాదా?” అని అడిగాడు. పోతుందన్నాడు కండక్టరు. అంతే, అదేం పెద్ద విషయం కానట్టు. కిటికీ పక్క సీటులో మాస్టారిని కూర్చోబెట్టి, మూట ఒళ్ళో పెట్టాడు.

“ఒకటి అడుగుతా, నిజం చెప్పు,” అన్నాడు మాస్టారు ఆయన మణికట్టు పట్టుకుని. “ఆ పాపను లేపితే, నవ్వితే, అది ఏడిస్తే?”

హరిబాబు బస్సు కదిలేలోపు చెప్పగలనా అని భయపడ్డాడు. చెప్పగలిగాడు. “ఏ... ఏడుస్తాది సార్. ఒక దినం. నేను ఇంకా ఏడుస్తాండ.”

హరిబాబు తిరిగొచ్చి దుకాణం తెరిచాడు. పద్మజ వచ్చేసరికి చీకటి పడుతోంది. చేతిసంచిలో గిద్దలూరు నుంచి తెచ్చిన లడ్లు, తలలో వాడిన మల్లెలు. వెనక బల్ల పక్కకు జరిపిన కుర్చీ, బల్ల మీద చచ్చిపోయిన హార్డ్ డిస్కు చూసి, “ఎవరొచ్చినారు? నువ్వెట్ల మాట్లాడినావు?” అంది కంగారుగా.

“పు... పుల్లలచెరువు నుంచి ఒక మా... మా...”

“మామయ్య వాళ్ళ మనిషా?”

“కాదు. నన్ను చెప్పనీ.”

పద్మజ తెల్లబోయింది. పదహారేళ్ళలో ఆయన అలా అనలేదు. కోపంగా అనలేదు. అడిగినట్టు అన్నాడు. ఆమె సంచి కింద పెట్టి, మధ్యాహ్నం మాస్టారు కూర్చున్న కుర్చీలోనే కూర్చుంది. హరిబాబు చెప్పాడు. విజిటింగ్ కార్డు సంగతి చెప్పినప్పుడు నవ్వింది. గురవయ్య సంగతికి ఇంకా నవ్వింది. ఆరో తరగతి సారు సంగతి దగ్గర నవ్వు ఆగిపోయింది. రెండు మూడుసార్లు ఆమె పెదవులు తెరుచుకున్నాయి, ఆయన ఇరుక్కున్న మాట అందించడానికి. ఒళ్ళో చేతులు గట్టిగా పట్టుకుని ఆపుకుంది. “తర్వాత?” అనే మాట తప్ప ఇంకేమీ అనలేదు. ముగిసేసరికి పక్క దుకాణాలన్నీ మూసేశారు.

“ఇన్నేండ్లు నేను నిన్ను మాట్లాడనియ్యలేదా?” అంది చిన్నగా.

“ను... నువ్వు లేకపోతే దుకాణమే లేదు,” అన్నాడు హరిబాబు. “నీ మాటలు నాకు ఇష్టం. అప్పుడప్పుడు నావీ విను. అంతే.”

ఆమె కళ్ళు తుడుచుకుని, లడ్డు తుంచి ఆయన నోట్లో పెట్టింది.

ఆ తర్వాత దుకాణంలో పెద్ద మార్పేమీ రాలేదు. కౌంటర్ ఇప్పటికీ పద్మజదే. హరిబాబు నత్తీ అలాగే ఉంది. కాకపోతే మిషన్‌కు ఏం జబ్బో చెప్పాల్సి వస్తే ఆమె, “ఆయన్నే అడగండి, కొంచెం ఆలస్యమైనా సరిగ్గా చెప్తాడు,” అని వెనక బల్ల దగ్గరికి పంపిస్తోంది. తొందరగా ఉన్నవాళ్ళు విసుక్కుంటారు. ఇద్దరు వేరే దుకాణానికి పోయారు కూడా. పోతే పోనిమ్మంది పద్మజ.

మూడు వారాలకు ఒక శనివారం మాస్టారు ఫోన్ చేశాడు. వ్యాసాలన్నీ దిద్దడం అయిపోయిందట. కంప్యూటర్ పద్దెనిమిది లెక్కపెట్టేలోపే లేస్తోందట.

“ఇంకో మాట తమ్ముడూ. దుర్గాదేవిని లేపినా. మొదటి దినం నువ్వు చెప్పినట్టే అయింది. నవ్వినారు, అది ఏడ్చింది, నేను రాత్రంతా నిద్రపోలేదు. రెండో దినం మళ్ళా లేపినా. లేవను అంది. మూడో దినం తనే లేచింది. నిన్న ఏడు వాక్యాలు చదివింది. పావుగంట పట్టింది. ఆరో వాక్యం కాడికి వచ్చేసరికి క్లాసులో ఒక్కడు కూడా నవ్వలా. నా చెవులు అబద్ధం చెప్పవు. దానికి నీ సంగతంతా చెప్పినా. నీతో మాట్లాడతాదంట. ఇస్తాండ.”

ఫోన్ చేతులు మారిన చప్పుడయింది. తర్వాత ఊపిరి. తర్వాత ఒక అక్షరం, తలుపు సందులో పడ్డ వేలులాగా, బయటికి రాలేక అక్కడే కొట్టుకుంటోంది. హరిబాబు ఫోన్ చెవికి ఆనించుకుని కూర్చున్నాడు. కౌంటర్ దగ్గర ఎవరో బిల్లు కోసం పిలుస్తున్నారు. పద్మజ వాళ్ళను ఆగమని సైగ చేసి, ఆయన పక్కకు వచ్చి నిలబడింది.

“మ... మ... మామా,” అంది పాప చివరికి. “కంప్యూటర్ లోపల ఎట్లుంటాదో న... నాకు చూపిస్తావా?”

“చూపిస్తా తల్లీ,” అన్నాడు హరిబాబు. “రేపు ఆదివారమే కదా, రా. మీ సార్‌ను కూడా తీసుకొనిరా. మ... మధ్యాహ్నం అన్నం మా ఇంట్లోనే.”

“ఏం కూర చెయ్యమంటాదో అడుగు,” అంది పద్మజ పక్క నుంచి.

హరిబాబు అడిగాడు. జవాబు రావడానికి కొంచెంసేపు పట్టింది. చిక్కుడుకాయ వద్దంట, కోడికూర కావాలంట.